పోగు తెగిన చప్పుడు

మా తెలుగు నేతగాళ్ల బస్తీలో దయ్యాల కథలు చెప్పేవాళ్లకు కొదవలేదు. వాళ్లందరితో వాదించి నోరు నొప్పి పుట్టించుకున్నదాన్ని నేను. ఇది చదివి మీకు నవ్వొస్తే తప్పు లేదు. ఇంకొకరు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మేముండే సూరత్‌లోనే ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వెబ్‌సైట్‌ను జనం కంటే ముందు వాడి చూసి తప్పులు పట్టడం నా పని. మొదటి లాక్‌డౌన్‌లో, సొంతూళ్లకు వెళ్లే కూలీలు రైలు కోసం పేర్లు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ మా చేతికొచ్చింది. అప్పటికే దాని పరువు గంగలో కలిసింది. వివరాలు నింపితే దండం పెట్టే బొమ్మతో "ధన్యవాదాలు, మీ దరఖాస్తు అందింది" అని వచ్చేది. ఆ తర్వాత ఎవరూ పిలిచేవారు కాదు.

అలా ఇరుక్కుపోయినవాళ్లలో సూరత్ పక్కన పల్సానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా చిన్నాయన రాజేశం కూడా ఉన్నాడు. చిన్నమ్మ జగిత్యాల పక్కన ఊళ్లో నిండు గర్భిణి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. చిన్నాయన రోజూ ఫోన్ చేసేవాడు.

"బిడ్డా, గా సైటు ఏం సైటే? ఎన్నిసార్లు నింపినా దండం పెడ్తది, గంతే. మీ చిన్నమ్మ ఆడ ఒక్కతే ఉన్నది."

కానీ మా కంప్యూటర్లో అన్ని పరీక్షలూ పాసయ్యేవి. పాసైతే పచ్చరంగు, తప్పితే ఎరుపు. ఎప్పుడు చూసినా పచ్చగా పంటపొలంలా ఉండేది. సైటు బాగా లేదని మా మేనేజర్‌కు ఎన్నిసార్లు చెప్పానో. "సబ్ గ్రీన్ హై నా, బెన్?", అంతా పచ్చగానే ఉంది కదా చెల్లీ, అని ఫోన్ పెట్టేసేవాడు. ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం కోపం పట్టలేక, పరీక్ష కోసం కంపెనీ ఇచ్చిన రమేశ్, సురేశ్ లాంటి ఉత్తుత్తి పేర్లను తీసేసి మా బస్తీవాళ్ల పేర్లన్నీ ఎక్కించాను. ఒక్కో పేరూ తనంతట తాను దరఖాస్తు నింపుకుంటూ పోతోంది. అన్నీ పచ్చే.

మా ఇంటి కింద సాంచాల కార్ఖానా ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ టకటకలోనే పెరిగాను కాబట్టి అది మోగుతుంటే నాకు పట్టదు. పోగు తెగి సాంచా ఆగితేనే తెలుస్తుంది. ఆ రోజు ఉన్నట్టుండి ఆగింది.

ఆ కార్ఖానాలోనే సాంచా నడిపే మా నాన్న, బాపు, పక్కగదిలోంచి అలవాటుగా అరిచాడు. "పోగు తెగింది, ఎవడన్న సూడుండ్రి!"

మరుక్షణం గుమ్మంలోకి వచ్చాడు. మొహం పాలిపోయింది. "ఏంది బిడ్డా, కార్ఖానా బంద్ గదా?"

నిజమే. లాక్‌డౌన్ పెట్టినప్పుడే సేఠ్ కరెంటు తీయించి తాళం వేసుకుని పోయాడు. బాపు కిందికి వెళ్లి చూసి వచ్చాడు. తాళం అలాగే ఉంది, మీటరు చచ్చిపడి ఉంది.

నా తెరమీద అప్పుడే పాసైన పేరు: జి. రాజేశం. మా చిన్నాయనదే. పచ్చగానే ఉంది.

పరీక్షను మళ్లీ మొదటినుంచి నడిపాను. కింద టకటక మొదలైంది. అదే పేరు దగ్గర ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలై ఇంకో పేరు దగ్గర ఆగింది: బి. లక్ష్మీనర్సయ్య.

అప్పుడు వెళ్లి అధికారులు చూసే జాబితా తెరిచాను. మిగతావన్నీ ఉన్నాయి, ఆ రెండు పేర్లే అందులో లేవు. మనవాళ్లలో కొందరు ఇంటిపేరు మొదటి అక్షరం రాసి చుక్క పెడతారు కదా, ఆ చుక్క దగ్గర సైటు పేరును మింగేసి, పైకి దండం పెడుతోంది. పైన పటారం, లోన లొటారం. మా పరీక్షలేమో ఆ దండం చూసే పాస్ చేస్తున్నాయి!

పరీక్షను మార్చాను. దండం పెడితే చాలదు, పేరు జాబితాలో కనపడితేనే పాస్. పచ్చటి తెరమీద ఆ రెండు పేర్లూ ఎర్రబడ్డాయి. అది చూశాకగానీ మేనేజర్‌లో చలనం రాలేదు. చుక్కను సరిచేయించాడు. చిన్నాయనకు పిలుపొచ్చి రైలెక్కాడు. ఊరి బడిలో క్వారంటైన్‌లో ఉండి, కిటికీలోంచి కొత్తగా పుట్టిన కూతుర్ని చూసి ఏడ్చాడట. ఫోన్లో విని నేనూ ఏడ్చాను.

కార్ఖానా తెరిచిన రోజు బాపు తన సాంచా దగ్గరికి వెళ్లి, వెంటనే పైకొచ్చాడు. దానిమీద పోగు తెగి ఉందట. "తెగిన పోగు ఇడిసిపెట్టి నేనెన్నడన్న ఇంటికొచ్చిన్నా బిడ్డా?" అన్నాడు.

పోగును ఎలుక కొరికి ఉండొచ్చు. చప్పుడు మా ఇద్దరి భ్రమే కావచ్చు. కానీ చుక్క ఉన్న పేర్ల దగ్గరే ఎందుకు ఆగిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

ఇప్పటికీ తెరంతా పచ్చగా ఉంటే నాకు కుదురుండదు. ఫ్యాను ఆపి, కింద సాంచాలు నడుస్తున్నాయో లేదో వింటాను.