మా ఆయన వీపు

జమ్మలమడుగులో మా ఆయన వీపు నేను తప్ప ఎవరూ చూసి ఉండరు. ఫ్యాక్షన్ రోజుల్లో నాయకుడి వెంట జీపులో తిరిగిన మనిషి. పెళ్లిళ్లకు పోతే గోడకు ఆనుకునే కూర్చునేవాడు. వేంపల్లె బస్సులో చివరి సీటు దొరక్కపోతే దిగిపోయేవాడు. మంగలి కత్తి ముందు తల వంచలేక తన క్రాపు తానే కత్తిరించుకునేవాడు. అది చూసి నేను పాఠాలు చెప్పే పిల్లలు నవ్వితే, ఆయనెవరో తెలియనట్టు నిలబడేదాన్ని.

తర్వాత నాయకుడు పార్టీ మారాడు, నిన్నటి శత్రువుతో వియ్యమందాడు, జీపూ పోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మా ఆయనకు జీపుతో వచ్చిన బుద్ధి కూడా పోలేదు.

ఇంతలో ఆయన గుండె బలహీనపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ప్రొద్దుటూరు డాక్టరు బెంగళూరు పంపాడు. మందులతో ఇక లాభం లేదు, కొత్త పద్ధతి ఒకటి పరీక్షిస్తున్నాం, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం అన్నాడు అక్కడి డాక్టరు. ఎముక మజ్జలోంచి కణాలు తీసి గుండెలోకి ఎక్కిస్తారట.

"ఎవురి కణాలు?" అన్నాడు ఈయన అనుమానంగా.

"మీవే."

"అట్లయితే సరే. బయటోళ్లను నమ్మను."

నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా బల్ల దగ్గరికి పోయాక బోర్లా పడుకోమన్నారు. సూది గుచ్చేది వెనకనుంచి, తుంటి ఎముకలోకి. అంతే, ఈయన లేచిపోయి గోడకు ఆనుకున్నాడు.

"పొడిస్తే ముందరనుంచి పొడవమను. సూది పట్టుకున్న ఆ పచ్చగుడ్డలోడు ఏ ఊరోడో ఏమో!"

"కేరళ అంట," అన్నాను.

"ఆడ మాత్రం పార్టీల్లేవా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇట్లాగే ఇంటికి తీసుకుపోతే ఎన్నాళ్లుంటాడో తెలియదు. శానా భయమేసింది, అంతకు మించి కోపమొచ్చింది.

"జీపులో నీ వెనక కూసున్నోళ్లంతా ఇప్పుడు యాడుండారు? ఒక్కడన్నా వచ్చినాడా? నీ వెనక నేనుంటా, పండుకో!"

ఈయన బల్ల దగ్గరికొచ్చి, "కదలగూడదు మళ్ల," అని బోర్లా పడుకున్నాడు. డాక్టరు నవ్వాపుకుని నాకూ టోపీ, మాస్కూ ఇప్పించాడు. సూది దిగుతున్నప్పుడు ఈయన "ఉండావా?" అని కేకేశాడు. ఉండానన్నాను.

ఆ కణాలు గుండెకు ఎంత మేలు చేశాయో డాక్టరే తేల్చి చెప్పలేకపోయాడు. ఆయాసం కొంచెం తగ్గిందంటాడు ఈయన. ఇంటికొచ్చిన రోజు మాత్రం వాకిలికి వీపు పెట్టి అన్నానికి కూర్చున్నాడు. గోడవైపు తన జాగాలో నన్ను కూర్చోమన్నాడు.

"వాకిలి నువ్వు చూస్తాండు," అని తలొంచుకుని తినసాగాడు.