అమ్మ పెట్టిన తాలింపు

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మవారు పోసింది. తొంభైల మొదట్లో, చౌడేపల్లె దగ్గర మా ఊళ్లో దాన్ని జబ్బు అనేవాళ్లు కాదు. గడపకు వేపమండలు కట్టారు. మందు లేదు, సూది లేదు, ఇంట్లో తాలింపు అసలే లేదు. తాలింపు ఘాటు తగిలితే అమ్మవారికి కోపం వస్తుందని మా అవ్వ, అంటే నాన్న తల్లి, పొయ్యి దగ్గర కాపలా కాసేది.

కొన్నాళ్లకే నాన్నకు విసుగొచ్చింది. "ఈ సప్పిడి కూడు ఎన్నాళ్లు తినేది?" అని కంచం తోసేశాడు. అవ్వ చేనికి పోయింది చూసి అమ్మ పప్పుకు తాలింపు పెట్టింది. నాన్న ఎప్పటికన్నా ఎక్కువే తిన్నాడు. అవ్వ తిరిగొచ్చి వాసన పట్టేసింది.

పొక్కులు మాడి, తలకు నీళ్లు పోశాక నా కాళ్లు చచ్చుబడ్డాయి. మంచం దిగబోయి కూలబడ్డాను. కళ్ల ముందంతా మసక.

"తాలింపు పెట్టినావు గదా, సూడు. బిడ్డ కాళ్లు తీసుకునింది తల్లి," అంది అవ్వ.

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆస్పత్రికి పోతే అమ్మవారికి ఇంకా కోపమన్నారు. అమ్మ వినలేదు. నన్ను భుజాన వేసుకుని పుంగనూరు మీదుగా మదనపల్లెకు తీసుకెళ్లింది. వైరస్ తగ్గాక ఒక్కోసారి పిల్లల ఒంట్లోని రక్షణ శక్తే దారి తప్పి, మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే పొరను పాడుచేస్తుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇందులో ఎవరి తప్పూ లేదంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు. చూపు వచ్చింది, మెల్లగా నడకా వచ్చింది.

నేను నడవగానే అవ్వ పొంగలి పెట్టింది. కాళ్లు తిరిగి ఇచ్చింది అమ్మవారట, పోగొట్టింది మా అమ్మట. ఇంజెక్షన్ల ఊసే లేదు. తాలింపు అడిగింది తానేనని నాన్న ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరింట అమ్మవారు పోసినా మా అమ్మను గడప తొక్కనివ్వలేదు.

రెండు వేల పది ప్రాంతంలో, నేను కుప్పంలో కాపురమున్నప్పుడు, నా కూతురికీ అదే పోసింది. కబురు పెడితే అమ్మ బస్సెక్కి వచ్చింది. గేటు దగ్గరే నిలబడి ఎలనీళ్ల బోండాల సంచి నా చేతికిచ్చింది.

"లోపలికి రామ్మా. బిడ్డ నిన్నే అడగతాండాది."

"నేనొద్దులేమ్మా. నీకు సేసింది సాల్దా?"

నాకు ఒళ్లు మండింది. "డాక్టరమ్మ ఏం సెప్పిందో మరిసిపోయినావా? నీ తప్పు లేదనింది గదా."

"ఆయమ్మ మంచిది," అంది అమ్మ. "నేను బాధపడతానని అట్ల సెప్పింది."