మా బావ నాలుక

మా బావకు చదువు అబ్బలేదు, కోపం అబ్బలేదు. అబ్బిందల్లా ఒక్క నాలుక. దాని మీదే మా ఐసు ఫ్యాక్టరీ ఇరవై ఆరేళ్ళు నడిచింది. నేను ఆయన బామ్మర్దిని, అక్కడే కంప్రెసరు నడుపుతాను. కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఫ్యాక్టరీ మధ్యలో పెద్ద తొట్టి, దాని నిండా ఉప్పునీళ్ళు. అడుగున ఉన్న పైపుల్లో నా కంప్రెసరు గ్యాసు తిప్పి ఆ నీళ్ళను చల్లబరుస్తుంది. మంచినీళ్ళు నింపిన రేకు డబ్బాలను అందులో దించితే మర్నాటికి ఐసు దిమ్మలు తయారు. డబ్బాలోని నీళ్ళు గడ్డకడుతుంటే చుట్టూ ఉన్న నీళ్ళెందుకు కట్టవని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. ఉప్పు వల్ల. చలికి నీటి కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవాలని చూస్తుంటే, కరిగిన ఉప్పు కణాలు మధ్యలో దూరి కలవనివ్వవు. నేనూ మా అక్కా మాట్లాడుకుంటుంటే బావ దూరినట్టు. మంచినీళ్ళు సున్నా దగ్గరే గడ్డకడతాయి. ఉప్పునీళ్ళు సున్నాకు చాలా కిందికి దిగినా నీళ్ళలాగే ఉంటాయి. ఎంత కిందికన్నది ఎన్ని కణాలు కరిగాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, తొట్టిలో ఉప్పు రోజూ పల్చబడుతుంది. డబ్బాలు పైకెత్తినప్పుడు కాస్త ఉప్పునీరు వాటితో పోతుంది, దించేటప్పుడు కాస్త మంచినీరు ఒలుకుతుంది. అందుకని బావ రోజూ పొద్దున్నే వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఒక బస్తా" అనో "బస్తాన్నర" అనో చెప్పి తనే పోసేవాడు. ఉప్పు కొలిచే గాజు గొట్టం కొందామని ఓనరు అంటే, "నేనుండగా అదెందుకండీ" అన్నాడు. ఓనరు కూడా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒకసారి బావకు జ్వరం వచ్చి తగ్గింది. పనిలోకి వచ్చిన రోజు వేలు ముంచి, నాలుకకు రాసుకుని, మళ్ళీ ఒకసారి ముంచి రాసుకుని "ఒక బస్తా" అన్నాడు. తర్వాత మూడు వారాలూ రోజూ ఒక బస్తానే. నా గొడవలో నేనుండి పట్టించుకోలేదు.

మూడో వారం చివర దిమ్మలు నడుమ బోలుగా వచ్చాయి. మర్నాడు డబ్బాలెత్తితే సగం నీళ్ళే. చేపల పడవలు రేవులో ఐసు కోసం ఆగిపోయాయి. ఓనరు వచ్చి నేరుగా నా మీద పడ్డాడు.

"నీ మిషను చల్లబరచడం లేదయ్యా."

"నా మిషను బ్రహ్మాండంగా ఉందండి. మీటరు ముల్లు చూడండి."

"ఉప్పు మీ బావ చూసుకుంటాడు, అందులో తేడా రాదు. ఇక మిగిలింది నువ్వే. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళ పని ఒక్క మాటతో పోయింది. అప్పుడు బావ ముందుకొచ్చాడు.

"తప్పు వాడిది కాదండి. నాకు రుచి తెలియడం లేదు. ఉజ్జాయింపుగా రోజూ ఒక బస్తా పోస్తున్నాను. నీళ్ళు పల్చబడి పైపుల చుట్టూ గడ్డకట్టుంటాయి. ఆ గడ్డ అడ్డుపడితే చల్లదనం డబ్బాల దాకా ఎలా వస్తుంది?"

ఓనరు నవ్వేశాడు. "బామ్మర్ది కోసం నీ మీద వేసుకుంటున్నావా?"

నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. "నీ జాలి నాకేం అక్కర్లేదు బావా" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

బావ స్టీలు గ్లాసు తెచ్చి తొట్టిలో ముంచాడు. నిండా పుక్కిట పట్టి మా ఎదురుగా నిలబడ్డాడు. పల్చబడినా అవి సముద్రపు నీళ్ళకంటే ఉప్పన. చూస్తున్న మా అందరి మొహాలూ వంకర్లు తిరిగాయి. బావ మొహంలో మాత్రం ఏమీ లేదు. ఓనరు గ్లాసులో మిగిలినదాంట్లో వేలు ముంచి నాలుకకు తగిలించుకుని, వెంటనే ఉమ్మేశాడు.

"ఇక చాలు, ఊసెయ్యి" అన్నాడు మెల్లగా. "ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలండి. మా ఆవిడక్కూడా చెప్పలేదు."

"ముందే చెప్పడానికేం?"

"చెబితే ఇక్కడ నాకింకేం పనుంటుందండి?"

ఇనుప చువ్వతో తొట్టి అడుగున పొడిచి చూశాం. పైపుల చుట్టూ జానెడు మందాన గడ్డ. నేను కంప్రెసరు ఆపాను, గడ్డ కరిగాక బావ ఎనిమిది బస్తాలు పోశాడు. ఓనరు గాజు గొట్టానికి కబురు పెట్టి, "దాన్ని చూసి ఉప్పు పోస్తూ ఉండు. నువ్వూ ఎక్కడికీ పోకు" అన్నాడు. రెండో మాట నాతో.

పని దిగాక ఇద్దరం టీ కొట్టు దగ్గర ఆగాం. క్షమించమని అడుగుదామనుకుంటూ రెండు టీలు చెప్పాను. టీ వచ్చింది. బావ గ్లాసు పట్టుకుని తాగకుండా నా వైపు చూశాడు.

"చక్కెర సరిపోయిందేమో చూడరా."

ఒక గుక్క తాగి, "సరిపోయింది బావా" అన్నాను.

"అయితే బావుంది" అని ఆయన తాగడం మొదలుపెట్టాడు.