టక్కుమని ఊరుకునే బండి

మీట నొక్కితే ‘టక్’ మనేది. అంతే. అలిగిన మనిషి లోపలికెళ్లి గడియ పెట్టుకున్నట్టు, ఆ ఒక్క చప్పుడుతో బండి నోరు మూసుకునేది. హారన్ మోగేది, దీపం వెలిగేది. ఇంజను మాత్రం కదిలేది కాదు.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. వీధిలో అందరికీ అక్షరాలాయన. కొట్ల పేర్లూ, డాక్టర్ల పేర్లూ, ‘ఇక్కడ వాహనాలు నిలపరాదు’ లాంటి హెచ్చరికలూ ముప్ఫయ్యేళ్లుగా ఆయన చేతిమీదుగానే గోడలెక్కాయి. గోడ వంకరగా ఉన్నా అక్షరం నిటారుగా నిలబడేది. అచ్చు బోర్డులు వచ్చాక ఊరి నడుమ పని కరువైంది. మిగిలినవల్లా ఊరి చివర బడిగోడలూ, గిడ్డంగులూ. అక్కడికి రంగు డబ్బాలూ, మడత నిచ్చెనా కట్టుకుని పోవాలంటే బండి కావాలి. బండి లేకపోతే పని లేదు. పని లేకపోతే ఆయన ఏమవుతాడో ఇంట్లో ఎవరూ పైకి అనుకునేవారు కాదు.

కిందటేడు నిచ్చెన మీంచి జారాడు. మోకాలికి ఆపరేషన్ అయింది. డాక్టరు నవ్వకుండా చెప్పాడు. “నడవండి, మెట్లెక్కండి. కిక్కు మాత్రం కొట్టకండి. కొట్టారో, మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఈసారి నేను చేయగలిగింది ఉండదు.”

సరిగ్గా అప్పుడే మీట మొండికేసింది. మొదట్లో పది నొక్కులకు ఒకసారి పలికేది. తర్వాత ఇరవైకి. తర్వాత అసలు లేదు. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ఒకడు బ్యాటరీ మార్చాడు. ఇంకొకడు టక్కుమనే ఆ రిలే డబ్బాను మార్చి, “ఇక చూస్కోండి” అన్నాడు. చూసుకుంటే కొత్త డబ్బా ఇంకాస్త గట్టిగా టక్కుమంది. చివరికి అక్షరాలాయనే వసారాలో పాత దుప్పటి పరిచి స్టార్టర్ మోటారు విప్పాడు. లోపలి కార్బన్ ముక్కల్ని గరుకు కాగితంతో రుద్ది, అక్షరం దిద్దినంత నేర్పుగా మళ్లీ బిగించాడు. మీట నొక్కాడు.

టక్.

“నీ తల్లి కడుపు మాడ!” అని బండిని తిట్టాడు.

“దాని తల్లినెందుకు తిట్టడం? లేవండి, నాకు ఆలస్యమవుతోంది” అంది భార్య.

ఆవిడ పుస్తకాలు బైండింగు చేసే చోట పనిచేసేది. ఎనిమిదికల్లా అక్కడుండాలి. అయినా రోజూ పొద్దున్నే చీర కుచ్చిళ్లు ఎగదోపి, నడుముకు కొంగు బిగించి, ఆయన బండికి కిక్కు కొట్టాకే బయలుదేరేది. ఎదురింటి అరుగు మీద ముసలాయన కాఫీ గ్లాసు పట్టుకుని లెక్కపెట్టేవాడు. “ఇవాళ ఏడు దెబ్బలమ్మా. నిన్నటి కంటే నయం!”

అలా రాజుకున్న ఇంజన్ని దారిలో ఆపడానికి లేదు. పనిచోట తప్పక ఆపితే సాయంత్రం దారినపోయేవాణ్ని బతిమాలాలి. “బాబూ, ఒక్క కిక్కు కొట్టి పెడతావా? మోకాలు...” ఊరందరి కాళ్లూ అరువు తెచ్చుకునే బతుకైపోయిందని ఆయనకు లోలోపల తల కొట్టేసినట్టుండేది. బడిగోడ దగ్గరైతే అరువివ్వడానికి కూడా మనిషి ఉండడు. అందుకే ఆ గోడ సగం అక్షరాలతో నెల రోజులుగా ఎండుతోంది.

ఒక వారం మధ్యలో కిక్కు వెనక్కి తన్నింది. భార్యకు మోకాలి కింద వంకాయంత వాచింది. ఆ సాయంత్రం ఆవిడ తమ్ముడు వచ్చి అక్క కాలు చూశాడు, బండిని చూశాడు, బావను చూశాడు.

“బావా, ఇక ఆపు. మొదట నీ కాలు, ఇప్పుడు మా అక్క కాలు. ఇంకెవరి కాళ్లు కావాలి దీనికి?”

“ఒక్కటే ఏదో తేడా ఉందిరా. అది దొరికితే...”

“ఆర్నెల్ల నుంచీ ఇదే మాట. ఆదివారం మధ్యాహ్నం ట్రాలీ ఆటో తెస్తాను. తూకానికి ఇచ్చేద్దాం. ఇంట్లో కూర్చో, హాయిగా.”

‘హాయిగా’ అన్న మాట ఆయనకు సూదిలా దిగింది. భార్య వంక చూశాడు. ఆవిడ కాలికి కాపడం పెట్టుకుంటూ తల ఎత్తలేదు.

ఆదివారం పొద్దున ఆవిడ కుంటుకుంటూ వెళ్లి, ఒకప్పుడు ఈ బండిని చూసే పాత మెకానిక్‌ను పిలుచుకొచ్చింది. అక్షరాలాయనకూ అతనికీ రెండేళ్లుగా మాటల్లేవు. తన షెడ్డుకు అతను అచ్చు బోర్డు పెట్టించుకోవడమే కారణం.

“ఈయన్నెందుకు పిలిచావు?”

“నా కాలు ఈయన్ని పిలవమంది” అంది భార్య.

మెకానిక్ ఆ మాట విననట్టే బండి చుట్టూ తిరిగాడు. మీట నొక్కి, టక్ విని, తల ఊపాడు. జేబులోంచి లావుపాటి వైరు ముక్క తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కూ, ఇంకో కొస ఇంజను మీది ఉత్త లోహానికీ పట్టించాడు.

“ఇప్పుడు నొక్కండి పెయింటర్‌గారూ.”

బండి ఒక్క గుక్కలో లేచింది! అక్షరాలాయన నోరు తెరిచాడు. మెకానిక్ వైరు తీసి, ఇంజను ఆపించి, బ్యాటరీ మైనస్ నుంచి బండి చట్రానికి వెళ్లే ఎర్త్ వైరును వేలితో తడుముకుంటూ పోయి, ఒక బోల్టు దగ్గర ఆగాడు. బోల్టు విప్పాడు. దాని కింద అద్దంలా మెరుస్తూ నల్లరంగు.

“ఈ పని ఎవరిది?”

“నాదే. వానలు వెనకబట్టాక ఏటా బండికి రంగు వేస్తాగా.”

“వేసేవాడెవడైనా బోల్టు చుట్టూ వేసి ఊరుకుంటాడు. మీరు బోల్టు విప్పి, వైరు తీసి, దాని కింద కూడా వేశారా?”

“రెండు పూతలు” అన్నాడు అక్షరాలాయన, ఇంకా అర్థం కాక. “పైన వార్నిష్. అంచు దగ్గర ఆపేస్తే అసహ్యంగా ఉండదూ?”

“భలే రంగండీ! కరెంటు కూడా దాటలేకపోయింది.”

“మరి హారన్ మోగుతోందిగా?”

“హారన్‌కు గరిటెడు చాలు. ఇంజను తిప్పాలంటే బిందెడు కావాలి. బోల్టు మర చుట్లలో రంగు గీరుకుపోయిన చోట మొన్నమొన్నటిదాకా కాస్త దారి ఉండేది. అదీ తుప్పుపట్టి మూసుకుపోయింది.”

భార్య రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. “అంటే ఆర్నెల్లుగా నేను కిక్కులు కొట్టింది ఎవరికీ కనబడని చోట మీరు పూసిన రంగుకా?”

మెకానిక్ గరుకు కాగితం అందించాడు. అక్షరాలాయన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని గీకాడు. తన పనిని తనే గీకడం అదే మొదలు. వార్నిష్ పోయింది, ఒక పూత పోయింది, రెండోది ఓ పట్టాన పోలేదు. అంత గట్టిగా ఎందుకు వేశానురా అని విసుక్కున్నాడు. ఆఖరికి తెల్లటి ఇనుము బయటపడింది. మెకానిక్ బోల్టు బిగించాడు.

అప్పటికి బావమరిది ఆటో వచ్చింది. “తాళ్లు కూడా తెచ్చాను బావా!”

అక్షరాలాయన మీట నొక్కాడు. ఇంజను లేచింది. ఆపాడు. మళ్లీ నొక్కాడు. లేచింది.

“ఏదో గాలివాటుగా...” అన్నాడు బావమరిది.

మూడోసారి. నాలుగోసారి.

“వాడికి చూపించింది చాలు, బ్యాటరీ కాస్తా చస్తుంది! వెళ్లండి ఎక్కడికో అక్కడికి” అని కసిరింది భార్య. కసురుతూనే నిచ్చెన కట్టే తాడు తానే బిగించింది.

బడిగోడ దగ్గరికి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. రోడ్డు మీద అటు చివర నుంచి ఇటు చివర దాకా మనిషి లేడు. ఇంజను ఆపబోయి, ఆగాడు. ఆపేశాక లేవకపోతే సామానుతో రెండు కోసుల దూరం కుంటుకుంటూ పోవాలి. ఆపేశాడు. ఉండబట్టలేక వెంటనే నొక్కాడు. లేచింది.

“ఇక చాలు” అని తనను తానే కసురుకుని, తాళం తీసి జేబులో వేసుకుని, నిచ్చెన విప్పాడు.