పేరంటంలో పండుగాడి వేట

ముందే చెప్పేస్తున్నా. ట్రిప్ క్యాన్సిల్ కాలేదు. మొన్న శుక్రవారం మా ఇంట్లో జరిగినదాని వీడియోలు ఈపాటికి మీ ఫోన్లలోకి వచ్చే ఉంటాయి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ "పాపం సంధ్య, ఇప్పుడింక ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?" అని ఎవరో అన్నారట. ఈ మొహమే పెట్టుకుని వెళ్తాను. నా దగ్గర వేరే మొహం లేదు మరి!

సరే, టీ చల్లారిపోకముందే మొదట్నుంచీ చెప్తాను వినండి.

గ్రీన్ కార్డు రాగానే మన ఫార్మింగ్టన్ హిల్స్‌లో అందరూ పెద్దిల్లు కొంటారు. నేను వేట లైసెన్సు కోసం హంటర్ సేఫ్టీ క్లాసులో చేరాను. మా ప్లాంట్‌లో కార్ల్ అని ఒక పెద్దాయన ఉన్నాడు, పిట్టల వేట ఆయనకి ప్రాణం. ఒకసారి లంచ్‌లో "వస్తావా, చూద్దువుగాని" అన్నాడు. వెళ్ళాను. ఆయన కుక్క గడ్డిలో పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ముక్కు ముందుకి, తోక వెనక్కి నిటారుగా, ముందుకాలు ఒకటి గాల్లో. ఇంక కదలదు, మెదలదు! "పిట్ట అక్కడ దాక్కుంది. కుక్క పని అంతవరకే. ఇప్పుడు మనం వెళ్ళి దాన్ని గాల్లోకి లేపాలి" అన్నాడు కార్ల్. నాకు ఒళ్ళు జలదరించింది. పెళ్ళయ్యాక నన్ను నేను మరిచిపోయి దేన్నైనా చూడటం అదే మొదటిసారి.

మా పండుగాడూ అదే జాతి, పాయింటర్. మా అమ్మాయి ముచ్చటపడితే తెచ్చుకున్నాం. సోఫా మీద పెరిగాడు, పెరుగన్నం తింటాడు, కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందకి దూరతాడు. అయితే ఏం? రక్తంలో వేట ఉంది కదా! మూతి దగ్గర తెల్ల వెంట్రుకలు అప్పుడే మొదలయ్యాయి. కాళ్ళల్లో పరుగు ఉన్నప్పుడే వాడికి ఒక్కసారైనా అసలైన గడ్డిమైదానం చూపించాలి. వాడికే కాదు, నాకూ చూడాలనుంది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

అలా ప్లాన్ చేశాను. అక్టోబరులో మూడు వారాలు. మిషిగన్ పైభాగంలో మొదలుపెట్టి నార్త్ డకోటా మీదుగా మోంటానా దాకా, నేనూ పండూ మాత్రమే. కుక్కల్ని రానిచ్చే మోటల్స్ వెతికాను. రాష్ట్రానికో లైసెన్సు. దారిలో ఏ ఊళ్ళో కుక్కల డాక్టరు ఉన్నాడో కనుక్కున్నాను. ముళ్ళు గుచ్చుకోకుండా పండుగాడికి నాలుగు బూట్లు కొన్నాను. అవి తొడిగితే వాడు వంటింట్లో సర్కస్ ఏనుగులా నడిచాడు. మా మేనేజర్ లీవ్ కూడా అప్రూవ్ చేశాడు. ఇంక ఒప్పుకోవాల్సింది మనవాళ్ళే.

మా ఆయన నరేందర్ కరీంనగర్ మనిషి, నెమ్మదస్తుడు. "సంధ్యా, నేను వద్దంటలేను. పాపను నేను చూస్కుంట, వంట నేను చేస్కుంట. గానీ ఆ కుక్క ఒక్కసారన్న పిట్టను చూసి ఆగిందా? ఆగితె పో. ఆగకుంటె ఆదివారంలోపల మోటల్స్ క్యాన్సిల్ చెయ్" అన్నాడు.

రాజ్యం అక్క సంగతి వేరే. వయసులో పెద్దావిడ, మా వీధిలోనే ఉంటారు, ఏ పేరంటమైనా మొదటి తాంబూలం ఆవిడకే. "ఆడపిల్ల తల్లివి, నీకు తుపాకీ ఏవిటే? నోరులేని పిట్టలు నీకేం అపకారం చేశాయే?" అని ప్రతి పాట్‌లక్ భోజనంలోనూ వడ్డించేవారు. నేనూ ఊరుకోలేదు. "అక్కా, మీరు తిన్న చికెన్ బిర్యానీలో కోడికి నోరుందా?" అని అడిగాను. అప్పట్నుంచి ఆవిడ నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు.

చిక్కల్లా పండుగాడితోనే. ఫామ్ నుంచి పెంపకం కౌజు పిట్టలు నాలుగు కొనుక్కొచ్చి, ఒక్కోదాన్నీ గడ్డిలో దాచి వాడిని వదిలేదాన్ని. మొదటిరోజు వాసన చూసి పక్కనే పడుకున్నాడు. రెండోసారి పిట్టని నాకాడు! మూడోసారి పిట్టే వాడి వెంట పడింది. కార్ల్ చూసి తల అడ్డంగా ఊపాడు. గురువారం కూడా పొలంలో అదే తంతు. ఇంక మిగిలింది శనివారం ఒక్కటే. పిట్టల పంజరం గరాజ్‌లో పెట్టి, తెల్లారితే వరలక్ష్మీ వ్రతం కదా అని పిండి నానబోశాను.

శుక్రవారం సాయంత్రం ఇల్లంతా పట్టుచీరలే. హాల్లో టేబుల్ మీద అమ్మవారు, టేబుల్ చుట్టూ నేలదాకా జరీ గుడ్డ. మగవాళ్ళందరూ బేస్‌మెంట్‌లో, వాళ్ళతోపాటే పండుగాడు కూడా. ఇక్కడే నా తెలివి చూడండి. కొబ్బరికాయల సంచీ కోసం గరాజ్‌లోకి వెళ్ళి, ఆ సంచీ ఎక్కడా చోటు లేనట్టు పిట్టల పంజరం మీద పెట్టాను. తీసేటప్పుడు దాంతోపాటు మూత కూడా లేచినట్టుంది, నేను చూసుకోలేదు. మన వాళ్ళందరూ చెప్పులు గరాజ్‌లో విడిచి లోపలికి వస్తారు కదా, ఎవరో పుణ్యాత్మురాలు తలుపు మూసుకుపోకుండా అడ్డంగా బియ్యం బస్తా పెట్టింది. ఇంక పిట్టలకి అడ్డేముంది?

హారతి అయింది. వాయనాలు మొదలయ్యాయి. రాజ్యం అక్క కుర్చీలో కూర్చుని కొంగు పరిచారు. నేను శనగలు, తాంబూలం, జాకెట్టు గుడ్డ ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారావిడ, మొహం కాస్త ముడుచుకునే.

రెండోసారి అనేలోపు బేస్‌మెంట్ తలుపు తెరుచుకుంది. నరేందర్ గారెల కోసం పైకి వచ్చాడు, అతని కాళ్ళ మధ్యలోంచి పండుగాడు దూసుకొచ్చాడు. "అయ్యో, కుక్క! మడి, మడి!" అని గోల. వాడు ఎవరినీ పట్టించుకోలేదు. అమ్మవారి ముందుకి వెళ్ళి, చటుక్కున ఆగిపోయాడు.

ముక్కు ముందుకి. తోక నిటారుగా. కుడి ముందుకాలు గాల్లో.

"చూశారా, కాలెత్తి తపస్సు చేస్తున్నాడు!" అందొకావిడ. ఇంకొకావిడ ఫోన్ తీసింది. రాజ్యం అక్కకైతే కళ్ళు చెమర్చాయి. "ఎవరో మహానుభావుడే సంధ్యా, పోయిన జన్మలో గొప్ప ఉపాసకుడై ఉంటాడు" అన్నారు. కొంగు పరిచి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దణ్ణం పెట్టేవారే!

నేను మాత్రం జరీ గుడ్డ అంచు చూస్తున్నాను. అది కదులుతోంది.

బుద్ధున్న ఇల్లాలైతే ఏం చేయాలి? కుక్కని మెల్లగా బయటికి లాక్కెళ్ళి, పేరంటం ముగిశాక పిట్ట సంగతి చూసుకోవాలి. నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు పేరంటం లేదు, చీర లేదు, అమ్మవారు కూడా లేరు. నా కుక్క నిలబడ్డాడు! ఎన్ని రోజులు ఎదురుచూశాను దీనికోసం! పళ్ళెంలోవన్నీ గబుక్కున రాజ్యం అక్క కొంగులో వేసేసి, "వో... పండూ, వో..." అని వాడిని కదలొద్దంటూ కార్ల్ నేర్పినట్టే పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, టేబుల్ పక్కన ధన్‌మని నేలని కాలితో తన్నాను.

బుర్ర్‌ర్‌మంటూ లేచింది పిట్ట! కలశం పక్కనుంచి, దీపం మీదుగా, ఒకావిడ కొప్పులో పూలని తాకుతూ వెళ్ళి కర్టెన్‌కి కొట్టుకుని కింద పడింది. అరుపులు! సగం మంది సోఫా ఎక్కారు. పండుగాడు ఒక్క ఉరుకు ఉరికి దాన్ని నోటితో పట్టుకున్నాడు. ఎంత మెత్తగా అనుకున్నారు, ఈక కూడా నలగలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. వాడికి తెచ్చింది అందించడం నేర్పేటప్పుడు చొంగ నా చేతికి అంటకూడదని నేను చున్నీ పరిచి పట్టుకునేదాన్ని. అందులో పెడితే బిస్కెట్. ఇప్పుడు ఆ హాల్లో గుడ్డ పరిచి కూర్చున్న మనిషి ఒక్కరే ఉన్నారు. వాడు తిన్నగా వెళ్ళి, రాజ్యం అక్క కొంగులో పిట్టని పెట్టి, కూర్చుని, బిస్కెట్ కోసం ఆవిడ మొహంలోకి చూశాడు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారావిడ. రెండోసారి అనాల్సిన మాట, నోటికి వచ్చేసింది పాపం! ఆ తర్వాతే కిందకి చూశారు. పిట్ట కొంగులో శనగలు పొడుచుకుంటూ కూర్చుంది.

నేను సారీ చెప్పాలా వద్దా? చెప్పలేదు! పట్టుచీరతో గెంతాను. "గుడ్ బాయ్! నిలబడ్డాడు! నరేందర్, చూశావా? చూశావా లేదా?" అని అరిచాను. నరేందర్ చేతిలో గారె అట్లాగే ఉంది. "చూసిన" అన్నాడు. "నా కండ్లతోని చూసిన. పో, నువ్వు మోంటానా పో" అన్నాడు. అంతమందిలో నరేందర్‌ని కావలించుకున్నాను, అది కూడా వీడియోలో ఉందట, ఉండనివ్వండి.

మిగతా మూడు పిట్టలూ గరాజ్‌లో చెప్పుల మధ్య దొరికాయి. నాలుగోదాని కోసం రాజ్యం అక్క దగ్గరికి వెళ్ళి చేయి చాపాను. ఆవిడ కొంగు దగ్గరికి లాక్కున్నారు.

"ఏవిటే ఇచ్చేది? పుచ్చుకున్న వాయనం ఎవరైనా తిరిగిచ్చేస్తారుటే? అమ్మవారిచ్చింది. నేను పెంచుకుంటాను."

"అక్కా, అది ట్రెయినింగ్ పిట్ట..."

"దాని పేరు లక్ష్మి. నువ్వు ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళు, నేనేం అననులే. దీని చుట్టాల జోలికి మాత్రం వెళ్ళకు" అని, తాంబూలం ఒక చేత్తో, పిట్ట ఒక చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

అదీ సంగతి. మోటల్స్ కన్ఫర్మ్ చేశాను, బూట్లు సర్దాను, నన్నాపేవాళ్ళు ఎవరూ లేరు. లైసెన్సులు నావి, తుపాకీ నాది, కుక్క నాది. ఈ సీజన్‌లో ఇప్పటిదాకా పిట్టని ఇంటికి పట్టుకెళ్ళింది మాత్రం రాజ్యం అక్క!