పాఠంలో లేని కమిటీ

బోధన్‌లో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెబుతాను. మా సబ్జెక్టు ఇక్కడికి లండన్ పార్లమెంటునూ అమెరికా సెనేటునూ వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పటికీ పాఠాల్లో వాటిదే పెత్తనం. అధికారం ఎక్కడుంటుందని అడిగితే పిల్లలు రెండు పేజీలు గడగడా అప్పజెబుతారు. మరి మీ ఊళ్లో? అంటే దిక్కులు చూస్తారు.

ఒకమ్మాయి మాత్రం, "మా ఊర్ల కమిటీదే పెత్తనం మేడం" అన్నది.

సర్పంచు ఉండగానే ఊరి పెద్దలు తమలో తాము ఏర్పాటు చేసుకునే గ్రామాభివృద్ధి కమిటీ అది. తగువులు తీరుస్తుంది, జరిమానా వేస్తుంది, మాట వినని ఇంటికి కూలీలను పోనివ్వదు. నిజామాబాద్ పల్లెల్లో దీని సంగతి అందరికీ తెలుసు, మా పుస్తకానికి తప్ప. నాకు కుతూహలం ఆగలేదు. ఆ అమ్మాయిని ప్రాజెక్టు దానిమీదే రాయమన్నాను.

కబురు కమిటీకి చేరింది. రాసింది ముందు తమకు చదివి వినిపించాలన్నారు. అమ్మాయితో పాటు నేనూ వాళ్ల ఊరికి పోయాను. వాళ్ల బాపు, అంటే నాన్న, వెనక వరుసలో తువ్వాల నలుపుకుంటూ కూర్చున్నాడు. ఆమె చదువుతుంటే పెద్దమనుషులు తలలూపారు, ఒకటి రెండు చోట్ల ముసిముసిగా నవ్వారు కూడా. "ఈ కమిటీకి ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదు" అన్నచోట అధ్యక్షుడు చెయ్యెత్తాడు.

"గా ఒక్క మాట తీసెయ్ బిడ్డా."

అది తీస్తే మిగిలేది పొగడ్తే. ఆమె నావైపు చూసింది. నేను చూపు కాగితాల మీదికి దించుకున్నాను. నాట్ల రోజులు, ఆ ఇంటికి ఆధారం ఉన్న కాస్త పొలమే. అప్పుడు వాళ్ల బాపు లేచాడు.

"అండ్ల తప్పేమున్నదో జెప్పుండ్రి. తప్పుంటే నేనే తీపిస్త."

అధ్యక్షుడు కండువా దులుపుకుని లేస్తూ "సరే, పోండ్రి" అన్నాడు. ఆ సరేకి అర్థమేమిటోనని బస్సులో దారి పొడుగునా ఆలోచించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కాలేజీకి వచ్చింది. నాట్లకు మాట్లాడుకున్న కూలీలు ఒక్కరూ రాలేదట.

"ఆ వాక్యం తీసేద్దామమ్మా, ఇప్పటికైనా" అన్నాను.

"వద్దు మేడం. పొద్దుగాల బాపు, అవ్వ, నేను ముగ్గురమే ఒక మడి నాటేసినం." అమ్మానాన్నలతో కలిసి నాట్లేసి వచ్చిన ఆమె గోళ్లలో ఇంకా బురద ఉంది. "ఇంకో అధ్యాయం రాస్త. కూలోళ్లను ఏం జెప్పి ఆపిండ్రో ఇంటింటికి పోయి అడగాలె. మీరు గూడ వస్తరా?"