చిన్నమ్మకు ఏ పనీ లేదు

ఆ రోజుల్లో సర్కారు కాగితం మీద సిరా ఆరితే చాలు, అది నిజమైపోయేది. కంభం చెరువుకు ఈవలనున్న మా పల్లెలో వాన పడిందో లేదో కూడా కరణంగారి లెక్క చూసే నమ్మేవాళ్లు (తడిసిన వాళ్లతో సహా). అలాంటి కాలంలో, మద్రాసు సర్కారు తరఫున జనాభా లెక్కలు రాసే పని నాకు దొరికింది. కొట్టివేత ఒక్కటి కూడా లేకుండా రాసిస్తే తాలూకా కచేరీలో గుమాస్తా పనికి సిఫారసు చేస్తానని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు మాటిచ్చారు. నేను మా వీధి ముప్పై ఇళ్లనూ ముత్యాల్లాంటి అక్షరాల్లోకి దించాను. ఆడవాళ్ల 'వృత్తి' గడి వచ్చినప్పుడల్లా ఆలోచించకుండా 'ఏమీ లేదు' అని రాసుకుంటూ పోయాను. పద్నాలుగు మందికి సంగటి కెలికి, నాలుగు బర్రెల పాలు పిండి, విత్తనాలకు బూడిద కలిపి దాచే మా చిన్నమ్మకూ అదే రాశాను (ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతూనే).

రాసింది చదివి వినిపించడం నా తప్పు. చిన్నమ్మ చేతిలోని గరిటె కింద పెట్టేసింది. "నాకు పని లేదని సర్కారే రాసుకున్నాక నేను పొయ్యి ముట్టిస్తే, సర్కారుతో అబద్ధమాడించినట్టు గదరా? జైల్లో ఏస్తే నువ్వొస్తావా?" అని పోయి అరుగు మీద కూర్చుంది. సాయంత్రానికల్లా వీధిలోని అరుగులన్నీ ఆడవాళ్లతో నిండిపోయాయి. పాలు పిండేవాళ్లు లేక బర్రెలు అరుస్తున్నాయి. పొలం నుంచి ఆకలితో వచ్చిన చిన్నాయన, భార్యను ఏమీ అనలేక నా మీద పడ్డాడు. "ఏందిరా నువ్వు రాసింది? రేపు ఇన్‌స్పెక్టరు తినేది మనింట్లోనే గదా! నీ కాగితాలు ఉడకేసి పెడతావా?"

కలం తీసుకుని చిన్నమ్మ ముందు కూర్చున్నాను. "వంటమనిషి అని రాయనా?"

"వంటమనిషి మానుకుంటే ఇంకొకామె వస్తాది. నేను మానుకుంటే మీరిట్ల ఏడుస్తారు."

"గృహలక్ష్మి?"

"అట్లయితే నేను పోయి పటంలో కూర్చుంటా. నువ్వు పొయ్యి ఊదు."

"పోనీ, ఇల్లాలు?"

"అది మీ చిన్నాయనకు నేనేమైతానో చెప్తాది. నేనేం చేస్తానో చెప్పదు. అది సరే, మునసబుకు ఏం రాసినావు?"

"గ్రామ పరిపాలన."

"ఆయప్ప చేసేది పొద్దున ఒక గంట. నాకూ అదే రాయి. ఊరు తీసి ఇల్లు పెట్టు."

కళ్లు మూసుకుని ఒక గడి కొట్టేశాను. పైన 'గృహ పరిపాలన' అని రాశాను. "మాకు లేదా అబ్బయ్యా?" అంది ఎదురింటి అవ్వ. ముప్పై ఇళ్ల గడులూ కొట్టేసి అదే రాశాను. పొయ్యిలు రాజుకున్నాయి, నా గుమాస్తా పని ఆరిపోయింది.

మరునాడు ఇన్‌స్పెక్టరుగారు చిన్నమ్మ ఇంట్లో భోంచేసి (రెండుసార్లు చారు పోయించుకుని) కాగితాలు తిప్పారు. "ఏమయ్యా, మద్రాసు కోటలో కూడా ఇంతమంది పరిపాలకులు లేరే!" అన్నారు. తలుపు వెనక గాజులు గలగలలాడాయి. రాత్రి భోజనమూ ఇక్కడేనని గుర్తొచ్చి కాబోలు, ఆయన గబగబా సంతకం పెట్టేశారు. సిఫారసు మాత్రం చేయలేదు. "కొట్టేసి రాయడంలో నీకు మంచి చెయ్యి ఉంది, పత్రికల్లో ప్రయత్నించు" అన్నారు. ప్రయత్నించాను. జన్మంతా అదే తిండి పెట్టింది.

ఇప్పుడు ఒంటరిగా ఉంటున్నాను, వంటా వార్పూ నావే. మొన్న లెక్కలకు వచ్చినాయన "ఏం చేస్తుంటారు పెద్దాయనా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే 'ఖాళీ' అని రాసుకుపోయాడు. లోపల పొయ్యి మీద పప్పు ఉంది. గరిటె కింద పెట్టి, పట్టుదలగా పోయి అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ ఆకలంటూ పరుగెత్తుకు రాలేదు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. నవ్వుకుంటూ నేనే లేచాను.